ఖాళీ సర్వర్లో ఎవరున్నారు

సువర్చలకి ఆ వారమంతా ఒకటే భయం, సర్వర్ పడిపోతుందని.

భయమంటే గుండెలో ఏదో చిన్న గుబులు కాదు. ముద్ద నోటి దాకా వచ్చాక ఫోన్ టింగుమంటే, ముద్ద కంచంలో వదిలేసి లేచిపోయే భయం. జడ సగం అల్లి, మిగతా సగం భుజం మీద వదిలేసి లాప్‌టాప్ తెరిచే భయం.

చీరలమ్మే వెబ్‌సైటయితే ఇంత బెంగ లేదు. కాసేపు ఆగిపోతే చీర రేపు కొనుక్కుంటారు. ఇది జీవధార. కొండల్లో, పల్లెల్లో ఉండే చిన్న చిన్న ఆసుపత్రుల నుంచి నర్సులు రక్తం కావాలని అడిగే పేజీ. గ్రూపు నొక్కి, డాక్టరు చీటీ ఫోటో తీసి పంపితే, దగ్గర్లోని బ్లడ్ బ్యాంకులకీ దాతలకీ కబురు వెళ్తుంది. ఆ కబుర్లు మోసే సర్వర్లు రెండు. వాటిని చూసుకునే ఆఫీసు విశాఖలో, సముద్రం కనిపించే ఒక మూడో అంతస్తులో.

ఆ రెండు సర్వర్లూ మధ్యాహ్నమయ్యేసరికి మెమరీ నిండిపోయి ఆయాసపడుతున్నాయి.

సర్వరుకి మెమరీ అంటే వంటింటి గట్టు లాంటిది. కూర తరిగిన పళ్ళెం, పిండి కలిపిన గిన్నె ఎప్పటివప్పుడు తీసేస్తేనే తరవాతి పనికి చోటు. తీసేయడానికి లోపల ఒక ప్రోగ్రాం తిరుగుతూనే ఉంటుంది. దానికి ఒకటే నియమం. ఎవరి చేతిలోనైనా ఉన్న గిన్నెను అది లాక్కోదు. ఇక్కడెవరో గిన్నెలు పట్టుకుని వదలడం లేదు. గట్టు నిండిపోతోంది. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం తెలియడం లేదు.

తెలియనప్పుడు సువర్చల చేసే పని రీస్టార్ట్. సర్వరు ఆగి మళ్ళీ లేస్తుంది. కాసేపు ఊపిరి పీల్చుకుంటుంది. కానీ ఆగి లేచే ఆ సందులో ఏ కొండమీది నర్సైనా బటన్ నొక్కిందా, ఆ నొక్కు గాలిలో కలిసిపోయినట్టే. అందుకే రీస్టార్ట్ కొట్టిన ప్రతిసారీ ఆమె కళ్ళు గట్టిగా మూసుకునేది. సర్వరు లేచిందని లాప్‌టాప్ టింగుమన్నాకే తెరిచేది.

నొక్కు గాలిలో కలిసిపోవడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి అలాగే జరిగింది. పైడితల్లి అనే ఒక బాలింత. ఓ నెగటివ్. నర్సు నొక్కింది, ఎదురుచూసింది, ఎదురుచూసి ఎదురుచూసి చివరికి ఫోన్ చేసింది. ఇక్కడ చూస్తే అలాంటి రిక్వెస్టే లేదు. అప్పటికప్పుడు సువర్చలే తన చేత్తో రిక్వెస్టు నమోదు చేసి పంపింది. రక్తం బయలుదేరింది. ఆలస్యంగా బయలుదేరింది.

తరవాత ఏమైందో సువర్చల అడగలేదు. అడగడానికి ఫోన్ తీసినప్పుడల్లా వేళ్ళు చల్లబడిపోయేవి.

అడగలేదు గానీ, ఊరుకోలేదు. రిక్వెస్టుల భాగం మొత్తం తిరగరాసింది. వచ్చిన ప్రతి రిక్వెస్టూ ముందు, సర్వరు ఆగినా చెరగని చిట్టా లాంటి డేటాబేసులోకి వెళ్తుంది. అది చాలదన్నట్టు మెమరీలోనూ ఉంటుంది. రక్తం అందాక ఆసుపత్రి నర్సు 'అందింది' అని నొక్కేదాకా అక్కడే ఉంటుంది. రెండు చోట్లా ఉంటే రెండింతలు భద్రం కదా. ఆ భాగానికి 'కాపలా' అని పేరు పెట్టుకుంది. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. "నా కోడులో ఒక్క రిక్వెస్టు కూడా పోదు. ఎవరైనా సరే, పోయిందని చూపించండి" అని సవాలు కూడా విసిరింది. ఎవరూ చూపించలేకపోయారు.

ఇప్పుడు సర్వర్లు మునిగిపోతుంటే ఆమె అందరి కోడూ వెతికింది. కాపలా ఒక్కటీ తెరవలేదు.

ఇవాళ తుఫాను. సాయంత్రానికి తీరం దాటుతుందని పొద్దుటినుంచీ టీవీ వాళ్ళు గొంతు చించుకుంటున్నారు. కిటికీ అద్దాలకి అడ్డదిడ్డంగా టేపు అంటించారు. సముద్రం బూడిదరంగులో ఉబ్బి ఉంది. గాలి వీచినప్పుడల్లా అద్దాలు పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి.

"మెమరీ పెంచేద్దామా?" అన్నాడు కిరీటి. ఫోటోల భాగం రాసేది అతనే. బన్ను తింటూ అడిగాడు.

"పోయిన వారమే పెంచాం. అదీ తాగేసింది."

"అయితే మాస్టారికి చెప్పాల్సిందే ప్లీడరమ్మా. ఎన్నాళ్ళు దాస్తావు?" ఆమె వాదన చూసి అతను పెట్టిన పేరది.

మాస్టారంటే వలీ సార్. నెల్లూరు మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు, కానీ ఆయన ఏం నేర్పారని అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేరు. పాఠం చెప్పరు. పుస్తకం ఇవ్వరు. ఎవరైనా కష్టం మోసుకొస్తే "ఏం చూశావు?" అని అడుగుతారు. చూసింది చెబితే వింటారు. అనుకున్నది చెబితే లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోతారు. దానిమీద ఆఫీసులో జోకులు చాలా ఉన్నాయి.

ఆయన రెయిన్‌కోటు తలుపుకి తగిలించి, తడిసిన గడ్డం తుడుచుకుంటూ వచ్చి సువర్చల పక్కన కుర్చీ లాక్కున్నారు.

"ఏం చూశావమ్మా?"

"సార్, ఈ కిరీటి ఫోటోల్ని మెమరీలోంచి సగం సగమే తీసేస్తున్నాడని నా అనుమానం. ఎందుకంటే..."

వలీ సార్ లేచి టీకి వెళ్ళిపోయారు.

"అనుమానం అన్నావు, పోయారు" అన్నాడు కిరీటి. "పైగా నా మీద అనుమానం. నా బన్నులో సగం ఇద్దామనుకున్నాను, ఇంక ఇవ్వను."

ఆయన తిరిగొచ్చాక ఈసారి డేటాబేసు కనెక్షన్లు అంది. దాతలకి మెసేజీలు పంపే రెడీమేడ్ కోడు లైబ్రరీ అంది, అది ఎవరో ఎక్కడో ఉచితంగా రాసి పడేసింది, దాన్ని నమ్మడమే తప్పు అంది. ఒక్కొక్క ముద్దాయిని బోనులో నిలబెట్టి, సాక్ష్యం లేకుండానే శిక్ష వేసేసింది. మాట్లాడుతున్నంతసేపూ గొంతు పెరుగుతోంది. చేతులు మాత్రం బల్ల కింద ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

వలీ సార్ మళ్ళీ లేవబోయారు.

"సార్!" అంది సువర్చల. "సాయంత్రానికి తుఫాను. రోడ్లు తెగుతాయి. ఇళ్ళు కూలతాయి. రిక్వెస్టులు ఎన్నింతలొస్తాయో తెలీదు. మీరేమో టీ తాగుతున్నారు!"

కిరీటి బన్ను నమలడం ఆపేశాడు.

వలీ సార్ కూర్చున్నారు. కోపం లేదు. "రీస్టార్ట్ చేసిన వెంటనే మెమరీ ఎంత ఉంటోంది?"

సువర్చల తన నోటు పుస్తకం తిరగేసింది. ఆ అంకె ఎక్కడా రాసుకోలేదు.

"చూడలేదా?"

"కళ్ళు మూసుకుంటాను సార్."

కిరీటి ఫక్కున నవ్వి, ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు. వలీ సార్ నవ్వలేదు.

"వారం రోజుల గ్రాఫు తెరువు" అన్నారు. "అనుకోకు. చూడు. చూసింది చెప్పు."

తెరిచింది. రంపం పళ్ళలా గీత ఎక్కుతోంది, దిగుతోంది, ఎక్కుతోంది. శిఖరాలు ఆమెకి తెలిసినవే. వాటినే చూసి చూసి హడలిపోయింది. ఇప్పుడు కిందకి చూసింది. దిగిన ప్రతిసారీ గీత ఆగిన చోటు, అంతకుముందు ఆగిన చోటు కంటే కాస్త పైన ఉంది.

"అడుగు పైకి జరుగుతోంది సార్."

"ఇంకా?"

రీస్టార్ట్ చేసిన చోట్లు వెతికింది. కొత్తగా లేచిన సర్వరు గీత నేల మీద మొదలవ్వాలి. మొదటి రీస్టార్టప్పుడు నేలకి కొంచెం పైన మొదలైంది. తరవాతిది ఇంకొంచెం పైన. ఇవాళ పొద్దుటిది నడుమెత్తున మొదలైంది.

ఆమె ఆ గీత మొదలు మీద వేలు పెట్టింది.

"ఇది... లేస్తూనే బరువుతో లేస్తోంది సార్. ఒక్క నర్సూ పేజీ తెరవకముందే."

రీస్టార్టే మందు అనుకుంది ఇన్నాళ్ళూ. ఆ మందు వేసిన ప్రతిసారీ రోగం కొంచెం ముందుకే జరిగింది. రేపో ఎల్లుండో సర్వరు లేస్తూ లేస్తూనే కూలిపోతుంది. లేదు, రేపటిదాకా ఎందుకు, ఇవాళ సాయంత్రమే.

"ఒక సర్వర్ని పక్కకి తప్పించు" అన్నారు వలీ సార్. "వచ్చేవాళ్ళందర్నీ రెండోదానికి పంపు. తప్పించినదాని మెమరీ బొమ్మ తీసి చూద్దాం."

మెమరీ బొమ్మ తీయడమంటే, లోపల ఏ వస్తువు ఎక్కడుందో, దాన్ని ఎవరు పట్టుకున్నారో ఉన్నదున్నట్టు రాసి తీసుకోవడం. తీస్తున్నంతసేపూ సర్వరు ఊపిరి బిగబట్టి ఆగిపోతుంది. ఆ ఆగడానికి భయపడే సువర్చల ఇన్నాళ్ళూ ఆ పని చేయలేదు.

"అంతా ఒక్కటే మోయాలి సార్, అది పడిపోతే?"

"పడిపోవచ్చు."

పడదులేమ్మా అంటారనుకుంది. ధైర్యం చెప్తారనుకుంది. చెప్పలేదు. ఆ ఒక్క ముక్కా చెప్పి, అద్దం బయట ఎగిరిపడుతున్న కెరటాల వైపు చూస్తూ కూర్చున్నారు.

బయట ఎక్కడో రేకు ఊడి రోడ్డు మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు. కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. సువర్చల మొదటి సర్వర్ని వరసలోంచి తప్పించింది.

అందులో ఉన్న నర్సులూ దాతలూ ఒక్కొక్కరే బయటికి వెళ్ళిపోయారు. తెర మీద అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నా అయింది. ఆ సర్వర్లో ఇప్పుడు ఎవరూ లేరు. కొత్తవాళ్ళు రావడానికి దారి కూడా లేదు.

"ఊడ్పించు" అన్నారు వలీ సార్.

లోపల గట్టు ఖాళీచేసే ప్రోగ్రాంని బలవంతంగా నడిపించింది. ఇంట్లో మనుషులు లేనప్పుడు గట్టు ఖాళీ అయిపోవాలి కదా. గీత ఒక్క పిసరు దిగి ఆగిపోయింది. ఇంకోసారి నడిపించింది. దిగలేదు. మెమరీ నిండుగా అలాగే ఉంది.

ముగ్గురూ తెర వైపే చూస్తున్నారు.

"అందర్నీ పంపేశాం" అన్నారు వలీ సార్ నెమ్మదిగా. "మరి లోపల ఎవరున్నారు?"

తాళం వేసిన ఇంట్లోంచి అడుగుల చప్పుడు వినపడినట్టయింది సువర్చలకి. కిరీటి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. "మాస్టారూ, తుఫాను పూట ఇలాంటి ప్రశ్నలు అడక్కండి" అన్నాడు.

బొమ్మ తీశారు. అది తెరుచుకునే లోపు పక్క తెర మీద రెండో సర్వరు గీత ఎక్కడం మొదలెట్టింది. ఇద్దరి బరువు ఒక్కటే మోస్తోంది.

బొమ్మ తెరుచుకుంది. ఎక్కువ చోటు తినేసిన వస్తువు పైన వస్తుంది. వాటిని పట్టుకుని ఉన్న చెయ్యి ఎవరిదో దాని పక్కనే వస్తుంది.

పక్కన ఒకటే పేరు ఉంది. కాపలా.

సువర్చల ఆ పేరు చదివింది. మళ్ళీ చదివింది. తను పెట్టిన పేరే. తన కోడే. లోపల రిక్వెస్టులు, వాటి చీటీల ఫోటోలు, దాతల జవాబులు, ఎప్పుడో వెళ్ళిపోయిన రక్తం తాలూకు ఎప్పుడో ముగిసిన కబుర్లు. ఒక్కటీ వదల్లేదు. రక్తం చేతికి అందాక ఏ నర్సు ఆగి 'అందింది' అని నొక్కుతుంది? సంచీ పట్టుకుని మంచం దగ్గరికి పరిగెత్తుతుంది. నొక్కనివన్నీ ఇంకా కావలసినవే అనుకుని కాపలా అట్టే పెట్టుకుంది. రీస్టార్ట్ చేసినా డేటాబేసులోంచి మళ్ళీ వాటన్నిటినీ ఏరి తెచ్చుకుని ఒళ్ళో పోసుకుంది.

అన్నిటికంటే పాతది ముందుంది. పైడితల్లి, ఓ నెగటివ్.

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"నా ఫోటోల భాగం కాదన్నమాట" అన్నాడు కిరీటి. మిగిలిన బన్ను ఆమె కీబోర్డు పక్కన పెట్టాడు.

ఏం చేయాలో సువర్చలకి తెలుసు. బ్లడ్ బ్యాంకు 'బయలుదేరింది' అనగానే మెమరీలోంచి వదిలేయాలి. డేటాబేసులో ఎలాగూ ఉంది, తీరిగ్గా ఫోన్ చేసి కనుక్కోవచ్చు. రాయడానికి ఎంతసేపు? నాలుగు మాటల కోడు. ఫైలు తెరిచింది. వేళ్ళు కీల మీద పెట్టింది.

వేళ్ళు కదల్లేదు.

"రాయి" అన్నాడు కిరీటి. "రెండోది ఎక్కేస్తోంది."

"వదిలేశాక... మళ్ళీ పోతే?"

"డేటాబేసులో ఉంటుంది కదా!"

"ఉంటుంది. తెలుసు. నేనే రాశాను. అయినా..." ఆమె వలీ సార్ వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. ఎండిపోయినట్టున్నాయి. "సార్, ఆమె ఏమైందో నాకు తెలీదు. తెలీకుండా ఎలా తీసేస్తాను?"

వలీ సార్ బల్ల మీది ల్యాండ్‌లైన్ ముందుకి లాక్కున్నారు. తెర మీద పైడితల్లి పేరు పక్కన ఆసుపత్రి నంబరుంది. అది చూస్తూ నొక్కారు. రింగు వినపడగానే రిసీవర్ సువర్చల చేతిలో పెట్టారు.

"ఏమని అడగను?" అంది.

"నీ 'అందింది' బటన్ ఏం అడుగుతోంది? అదే."

రింగు అవుతోంది. ఎత్తకపోతే బాగుండని ఆమె మనసులో వెయ్యి దండాలు పెట్టుకుంది. ఎత్తారు.

"హలో, లేబరు వార్డు, సింహాచలం సిస్టర్ని. ఎవులండీ? బేగి సెప్పండి."

"సిస్టర్, నేను జీవధార నుంచి సువర్చలని. మీ దగ్గర... పైడితల్లి అని ఒకావిడ..."

"ఏ పైడితల్లమ్మా? ఈ పక్క ఇంటికో పైడితల్లి."

"ఓ నెగటివ్ అండీ. బాలింత. పోయినేడు వానల్లో. రక్తం... మా పేజీ తప్పు వల్ల ఆలస్యమైంది. అందిందా అని..."

అవతల గాలి హోరు. ఎవరో మూలుగుతున్న చప్పుడు. సువర్చల రిసీవర్‌ని రెండు చేతులతోనూ పట్టుకుంది.

"ఆఁ, ఆయమ్మా" అంది సింహాచలం. "అందింది. ఆలీసంగానే అందింది. ఎక్కించీసినాం. అయినా పెద్దాసుపత్రికి పంపించీవలసొచ్చింది. నేనే బండెక్కించినాను. కళ్ళు తెరిసే ఉంది."

"తరవాత?"

"తరవాత నాకు తెల్దమ్మా."

"మీరు కనుక్కోలేదా?"

అది నింద కాదు. అయినా అడిగాక సువర్చలకే తన గొంతు నిందలా వినపడింది. అవతల మనిషి నొచ్చుకోలేదు.

"కనుక్కుందుననే అనుకున్నాను. బండి అటు కదిలిందో లేదో ఇటు ఇంకొకామె దిగింది నొప్పులతోటి." అటు తిరిగి ఎవర్నో మంచం పట్టుకోమంది. "అది సర్లే, మంచి యేళకి సేసినావు. ఇక్కడిప్పుడు ఒక పిల్లుంది, పందొమ్మిదేళ్ళుంటాయో ఉండవో. కాన్పయింది, రగతం ఆగట్లేదు. బీ నెగటివ్ గావాల. ఎంత నొక్కినా మీ పేజీ తెరుసుకోదేటమ్మా? దారిలో సెట్లు పడిపోతన్నాయి. ఇప్పుడు బయలెల్లితేనే బండి వస్తాది, లేపోతే ఇంక రాదు."

సువర్చల పక్క తెర వైపు చూసింది. రెండో సర్వరు గీత గ్రాఫు పైఅంచుకి ఆనుకుని నిలబడి ఉంది. కిందకి రావడం లేదు. లోపలికి రావాలనుకున్నవాళ్ళు గుమ్మం బయట నిలబడి ఉన్నారు. లోపలంతా ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళు.

"సిస్టర్, ఫోన్ పెట్టకండి. నొక్కుతూనే ఉండండి."

రిసీవర్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. రాసింది. తప్పు పడింది, కొట్టేసి మళ్ళీ రాసింది. ఇప్పటికే బయలుదేరిపోయినవాటిని లేచేటప్పుడు ఏరుకోవద్దని ఇంకో మాట రాసింది. కిరీటి భుజం మీంచి వంగి చదివి "సరిగ్గానే ఉంది, పంపు" అన్నాడు. ఖాళీ సర్వర్లోకి కొత్త కోడు పంపింది.

రీస్టార్ట్ నొక్కేముందు ఆమె కనురెప్పలు అలవాటుగా వాలబోయాయి. ఆపింది. నొక్కింది. చూస్తూనే ఉంది.

గీత తెగింది. తెర నల్లగా ఉంది. నల్లగానే ఉంది. చెవిలో సింహాచలం ఎవర్నో కేకేస్తోంది, "గుడ్డలు తేయే, ఇంకా గుడ్డలు తే." తెర ఇంకా నల్లగానే ఉంది. ఈసారి ఇక లేవదనుకుంది సువర్చల. కళ్ళు మండుతున్నాయి, మూయలేదు.

నేల మీద ఒక సన్నని గీత మొదలైంది. నేలకి ఆనుకుని.

"మార్చు, దారి మార్చు" అన్నాడు కిరీటి. ఆమె చెయ్యి అప్పటికే కదిలింది. గుమ్మం బయట నిలబడ్డవాళ్ళంతా మొదటి సర్వరులోకి వచ్చిపడ్డారు. గీత దిగ్గున లేచింది, కాస్త తగ్గింది, మళ్ళీ లేచింది, ఈసారి ఇంకా కిందకి తగ్గింది.

"తెరుసుకుందమ్మా!" అంది ఫోన్లో గొంతు. "నొక్కినాను."

వచ్చింది. బీ నెగటివ్. చీటీ ఫోటో వంకరగా ఉంది, ఒక మూల తడిసింది. దగ్గర్లోని బ్లడ్ బ్యాంకుకి కబురు వెళ్ళింది. అవతలి నుంచి జవాబు లేదు. గాలికి ఒక కిటికీ మీద టేపు ఊడి టపటపా కొట్టుకుంటోంది. జవాబు లేదు. తరవాత వచ్చింది. ఉంది, ఇస్తున్నాం. ఆ వెనకే ఇంకో మాట, బయలుదేరింది.

ఆ మాట పడగానే మెమరీలో ఆ పిల్ల రిక్వెస్టు మాయమైంది.

సువర్చల చెయ్యి దాన్ని పట్టుకోబోయినట్టు తెర వైపు లేచింది. తరవాత మెల్లగా కిందకి దిగింది.

"సిస్టర్, బయలుదేరిందండీ."

"బతికించినావు. ఉంటాను" అంది సింహాచలం. ఫోన్ పెట్టేసింది.

బండి చెట్లు పడకముందే దాటుతుందా? రక్తం వేళకి అందుతుందా? ఆ పిల్ల కళ్ళు తెరుస్తుందా? రిసీవర్ ఇంకా సువర్చల చేతిలోనే ఉంది. దాంట్లోంచి కుయ్యిమంటున్న చప్పుడు. వలీ సార్ దాన్ని ఆమె వేళ్ళ మధ్య నుంచి తీసి ఫోన్ మీద పెట్టారు.

బయట వాన అడ్డంగా కొడుతోంది. తెర మీద మరో రిక్వెస్టు పడింది. దాని వెనకే ఇంకోటి. వాటి వెనక ఇంకా వస్తున్నాయి. గీత ఎక్కుతోంది, దిగుతోంది.

"భయం పోయిందా అమ్మా?" అడిగారు వలీ సార్.

సువర్చల తన చేతుల వైపు చూసుకుంది. ఇంకా వణుకుతున్నాయి.

"లేదు సార్."

"మంచిది" అన్నారాయన. "తరవాతిది చూడు."